రాక్, స్టోన్ : రెండు రాతి మాటలు

ఒక భాషలో సరిగ్గా ఒకే అర్థం గల రెండు మాటలు చాలాకాలం పక్కపక్కన బతకలేవు. కొంతకాలానికి వాటిలో ఒకటి మరుగున పడుతుంది. లేదా అన్నదమ్ములు ఆస్తి పంచుకొన్నట్లు రెండూ అర్థాన్ని పంచుకొని, దేని వాటాను అది ఏలుకొంటుంది. పర్యాయపదాలని మనం అనుకొనే మాటల మధ్య కూడా, తరచి చూస్తే, ఒక సన్నని గట్టు కనిపిస్తుంది. ఆ గట్టు ఎక్కడ ఉన్నదో తెలిసినవాడికే భాష వశమవుతుంది. ఇంగ్లీషులోని 'రాక్', 'స్టోన్' అనే మాటలు ఇందుకు చక్కని ఉదాహరణ. నిఘంటువు తెరిస్తే రెండింటి ఎదుటా 'రాయి' అనే అర్థం ఉంటుంది. అక్కడితో తృప్తిపడితే మనకు రెండు మాటలు తెలిసినట్లే ఉంటుంది గాని, వాటి మధ్య ఉన్న గట్టు తెలియదు.

అనువాద పాఠం చెప్పేటప్పుడు ఈ రెండు మాటలను నల్లబల్ల మీద పక్కపక్కన రాసి, తేడా ఏమిటని విద్యార్థులను అడగడం నాకు అలవాటు. "పెద్దది రాక్, చిన్నది స్టోన్ సార్!" అని తరగతిలో సగం మంది ఒక్కసారిగా అంటారు. ఆ జవాబులో కొంత నిజం లేకపోలేదు. ఇంగ్లండువారికి 'రాక్' అనగానే సముద్రపు ఒడ్డున నిలిచిన కొండచరియ వంటిది మనసులో మెదులుతుంది. పిల్లవాడు చెరువులోకి విసిరేది వారికి 'స్టోన్'. అమెరికాలో మాత్రం ఆ పిల్లవాడు విసిరేది కూడా 'రాక్' కావచ్చు. ఒకే భాష మాట్లాడే రెండు దేశాలే ఈ విషయంలో ఏకాభిప్రాయానికి రాలేదన్నమాట.

పరిమాణమే కొలబద్ద అయితే మరికొన్ని చిక్కులు వస్తాయి. ఇంగ్లండులోని స్టోన్‌హెంజ్‌లో నిలబెట్టిన పెద్ద రాళ్ళు కొన్ని 20 టన్నులకు పైగా బరువు తూగుతాయి. అయినా అవి స్టోన్లే. ఆ స్థలం పేరులోనే ఆ మాట ఉన్నది. అమెరికాలోని మసాచుసెట్స్ తీరంలో ప్లిమత్ రాక్ అనే రాయి ఉన్నది. 1620లో ఇంగ్లండు నుండి వలస వచ్చినవారు మొదట దానిపైనే కాలు మోపారని అక్కడివారు చెప్పుకొంటారు. 1774లో దానిని కదిలించబోతే రెండు ముక్కలైంది. ఇప్పుడు మిగిలిన భాగం స్టోన్‌హెంజ్ నిలువురాళ్ళ ముందు చాలా చిన్నది. చిన్నదేమో రాక్, పెద్దదేమో స్టోన్! కాబట్టి తేడా కొలతలో లేదు.

శాస్త్రజ్ఞులను అడిగితే తేలుతుందేమో చూద్దాం. రాతి ముక్కలకు కొలతలు నిర్ణయించిన వెంట్‌వర్త్ అనే అమెరికన్ భూవిజ్ఞాని 1922లో ఒక పట్టిక ప్రకటించాడు. 256 మిల్లీమీటర్లు దాటితే గుండు, 64 దాటితే బండరాయి ముక్క, 4 దాటితే గులకరాయి, 2 మిల్లీమీటర్లకు లోబడితే ఇసుక. ఇట్లా ఒక్కొక్కదానికి హద్దులు గీశాడు. ఆ మెట్లలో దేనికీ 'రాక్' అనే పేరు గాని, 'స్టోన్' అనే పేరు గాని విడిగా పెట్టలేదు. భూవిజ్ఞానంలో 'రాక్' అంటే ఖనిజాల కలయికతో ప్రకృతిలో ఏర్పడిన ఘనపదార్థం. దాని పరిమాణంతో పని లేదు. కొండంత ఉన్నా అదే, గోరంత ఉన్నా అదే. మన పాఠ్యపుస్తకాలు దీనినే 'శిల' అంటాయి. అగ్నిశిలలు, అవక్షేప శిలలు, రూపాంతర శిలలు అని విభజిస్తాయి. 'స్టోన్' అనే మాటకు ఆ శాస్త్రంలో అటువంటి గౌరవస్థానం లేదు. అయితే విడివిడిగా పేర్లు పెట్టవలసి వచ్చినప్పుడు 'లైమ్‌స్టోన్', 'శాండ్‌స్టోన్' అని ఆ మాటే వచ్చి చేరుతుంది. మనమూ అంతే. జాతిని చెప్పేటప్పుడు అవక్షేప శిల అంటాం; పేరు పెట్టి పిలిచేటప్పుడు సున్నపురాయి, ఇసుకరాయి అంటాం.

ఈ పోలిక యాదృచ్ఛికం కాదని నా నమ్మకం. 'స్టోన్' ఇంగ్లీషువారి సొంత మాట. జర్మన్ భాషలోని 'స్టైన్' దానికి తోబుట్టువు. 1066లో నార్మన్లు ఇంగ్లండును జయించిన తరువాత ఫ్రెంచి మాటలు వేలకొలదిగా ఆ భాషలోకి వచ్చాయి. 'రాక్' అట్లా ఫ్రెంచి మూలం గల మాట. మనకు 'రాయి' ఇంటి మాట, 'శిల' సంస్కృతం నుండి వచ్చిన మాట. రెండు భాషల్లోనూ ఇంటి మాట చేతికి, వంటింటికి, వీధికి దగ్గరగా ఉండిపోయింది. వచ్చిన మాట ప్రకృతి వైపు, శాస్త్రం వైపు మొగ్గింది. నేటి యువతకు ప్రియమైన 'రాక్' సంగీతానికి మాత్రం ఈ రాతితో చుట్టరికం లేదు. ఊగడం, ఊపడం అనే అర్థం గల వేరొక 'రాక్' నుండి ఆ పేరు వచ్చింది. ఊగే కుర్చీని 'రాకింగ్ చైర్' అనడం కూడా అందువల్లనే.

గ్రీకు భాషలోనూ ఈ జంట ఉన్నది. అక్కడ 'పెట్రా' అంటే భూమిలో పాతుకొని ఉన్న శిల. 'లిథోస్' అంటే విడిగా దొరికే రాయి. శిలలను గూర్చిన శాస్త్రం 'పెట్రాలజీ'. శిల నుండి ఊరే తైలం 'పెట్రోలియం'. ఇక లిథోస్ మాట 1817లో కనుగొన్న 'లిథియం' అనే లోహానికి పేరైంది. మన చరవాణి బ్యాటరీలో ఉన్నది అదే. చరిత్ర పుస్తకాల్లో కనిపించే 'నియోలిథిక్' అనే మాటలో కూడా లిథోస్ ఉన్నది. ఇంగ్లీషులో 'స్టోన్ ఏజ్' అంటారు గాని 'రాక్ ఏజ్' అనరు. ఎందుకు? ఆ యుగంలో శిలలు పుట్టలేదు. అవి అంతకు ముందు కోట్ల సంవత్సరాల నుండి ఉన్నవే. ఆ యుగంలో మనిషి రాయిని చేతిలోకి తీసుకొన్నాడు. 1863లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ మద్రాసు దగ్గరి పల్లవరంలో ఒక రాతి గొడ్డలిని గుర్తించాడు. నేలమీద పడి ఉన్న వేల రాళ్ళ నడుమ ఆయన కన్ను దానిమీదనే నిలవడానికి కారణం, అది ఎవరో చెక్కిన రాయి కావడమే.

గట్టు ఇక్కడ ఉన్నదని నాకు అనిపిస్తుంది. 'రాక్' భూమికి చెందినది. 'స్టోన్' మనిషికి చెందినది. భూమి తన కోసం నిలుపుకొన్నది రాక్. మనిషి విడదీసి, ఎత్తి, చెక్కి, పేరు పెట్టి, పనికి పెట్టుకొన్నది స్టోన్. మైలురాయి, సమాధిరాయి, పునాదిరాయి, గీటురాయి, తిరగలిరాయి, ఉంగరంలోని రంగురాయి. ఇవన్నీ ఇంగ్లీషులో 'స్టోన్'తో ముగిసే మాటలే. వీటిలో దేని చివరనూ 'రాక్' చేరదు. ఈ సూత్రానికి లొంగని ప్రయోగాలు కొన్ని ఉంటాయి. జీవభాషలో అవి తప్పవు. కాని చాలా చోట్ల ఇది దారి చూపుతుంది.

రెండు దేవాలయాలను గుర్తు చేసుకొంటే ఈ మాట స్పష్టమవుతుంది. కృష్ణాతీరంలోని ఉండవల్లి గుహాలయం కొండను తొలిచి చేసినది. శిల్పులు అక్కడికి ఏమీ తేలేదు. ఉన్నదానిలోనుండి అక్కరలేనిది తీసివేశారు. కొండ ఇప్పటికీ కొండగానే ఉన్నది. దానిని ఇంగ్లీషులో 'రాక్' మాటతోనే వర్ణిస్తారు. ములుగు జిల్లా పాలంపేటలోని రామప్ప దేవాలయం అట్లాంటిది కాదు. కాకతీయుల కాలంలో, 1213లో, రాళ్ళను తెచ్చి, చెక్కి, ఒకదానిపై ఒకటి పేర్చి దానిని నిర్మించారు. 2021లో ప్రపంచ వారసత్వ సంపదగా యునెస్కో గుర్తించిన ఆ ఆలయాన్ని గూర్చి చెప్పేటప్పుడు 'స్టోన్' అనే మాటే తగినది. రెండూ రాతి ఆలయాలే. కాని ఒకదానిలో మనిషి కొండలోకి వెళ్ళాడు. మరొకదానిలో కొండ మనిషి దగ్గరికి వచ్చింది.

చందమామను కూడా సాక్షిగా పిలవవచ్చు. 1969 నుండి 1972 వరకు ఆరు అపోలో యాత్రలలో వ్యోమగాములు 382 కిలోల చంద్రశిలలను, మట్టిని తెచ్చారు. వాటిలో గులకరాళ్ళంతటివి కూడా ఉన్నాయి. అయినా ఇంగ్లీషులో అవి 'మూన్ రాక్స్'. 'మూన్‌స్టోన్' అంటే అర్థమే మారిపోతుంది. అది నగలలో పొదిగే ఒక మెరిసే రత్నం. దానికీ చంద్రుడికీ పేరు తప్ప సంబంధం లేదు. ఒక్క మాట మారితే వస్తువు ఆకాశం నుండి నగల దుకాణానికి దిగివస్తుంది!

నుడికారంలో ఈ భేదం మరింత లోతుగా పాతుకొన్నది. కష్టకాలంలో చలించక అండగా నిలిచినవాడిని ఇంగ్లీషువారు 'రాక్' అంటారు. జాలి లేనివాడి గుండెను మాత్రం 'స్టోన్' అంటారు. ఒకటి పొగడ్త, మరొకటి నింద. ఈ మాటలను కన్నుమూసుకొని తెలుగు చేస్తే ప్రమాదం. "అమ్మా, నీవే నా రాయివి" అంటే ఏ తల్లి సంతోషిస్తుంది? మనకు ఆపద్బాంధవుడు రాయి కాడు, 'కొండంత అండ'. దయలేని గుండె మాత్రం మనకూ రాతిగుండే. ఇంగ్లండులో పండు లోపలి గట్టి గింజ స్టోన్, మనకది టెంక. అక్కడ మనిషి బరువును కూడా 'స్టోన్ల'లో చెప్పుకొనే అలవాటు ఉన్నది. ఒక స్టోన్ అంటే 14 పౌన్లు, సుమారు 6.35 కిలోలు. ఈ సంగతి తెలియనివాడు ఒకాయన పది స్టోన్ల బరువున్నాడని చదివి, ఆయన రాళ్ళు మోస్తున్నాడని అనువదిస్తే ఆశ్చర్యపడనక్కరలేదు.

ఇంతకూ తెలుగు ఈ విషయంలో పేదది కాదు. ఇంగ్లీషు రెండు మాటలతో సర్దుకొన్నచోట మన పల్లెలు ఎన్నో మాటలు పుట్టించాయి. నేలను పరచుకొని ఉంటే బండ. గుండ్రంగా ఎత్తుగా కూర్చుంటే గుండు. బండలూ గుండ్లూ కలిసి లేస్తే గుట్ట. నీటిలో దొర్లి నునుపెక్కితే గులకరాయి. సుత్తి దెబ్బ తిని ముక్కలైతే కంకర. తెల్లగా మెరిస్తే పలుగురాయి, పలకలుగా విడివడితే నాపరాయి, నిప్పు రాల్చితే చెకుముకిరాయి, కత్తికి పదును పెడితే సానరాయి. దక్షిణాది భాషలన్నింటికీ చుట్టమైన 'కల్లు' అనే పాత మాట కూడా మనలో మిగిలే ఉన్నది. అది వంటింట్లో 'సన్నికల్లు' అయింది. కాకతీయుల రాజధానికి 'ఓరుగల్లు' అని పేరైంది. ఒక్క రాయి అని దాని అర్థం; సంస్కృతంలో ఏకశిలానగరం అన్నారు. పచ్చడి నూరుకొనే రాయికీ, నగరానికి పేరిచ్చిన గుట్టకూ మన పూర్వులు ఒకే మాట వాడారు. ఒకటి మనిషి రాయి, ఒకటి భూమి రాయి. భేదం మాటలో కాదు, దానిని వాడే సందర్భంలో తెలిసేది.

ఈ భేదాన్ని నాకు మొదట నేర్పింది ఏ నిఘంటువూ కాదు. మా ఊరి గుట్ట. ఊరికి పడమట ఉండే ఆ గుట్ట మీద అడుగడుగుకూ పేర్లుండేవి. కల్లం లేనివారు ధాన్యం ఎండబోసుకొనేది పెద్దబండ. పిల్లలందరి నిక్కర్లు చిరిగేది జారుడుబండ. ఏ క్షణాన దొర్లిపడుతుందో అన్నట్లు నిలిచి, తరాలుగా పడకుండా ఉన్నది ఏనుగు గుండు. దాని కింద ఎండాకాలంలో కూడా నీరు నిలిచే దొన ఉండేది. పశువుల కాపరులు ఆ నీళ్ళే తాగేవారు.

గుట్ట అంచున ఒక ముసలి రాతిపనివాడు రోళ్ళు, కడపరాళ్ళు చెక్కేవాడు. మేము తాత అని పిలిచేవాళ్ళం. ముందుగా బండ మీద నీళ్ళు చల్లి, ఏ వైపున తొందరగా ఆరుతున్నదో చూసేవాడు. ఆ తరువాత ఉలితో వరుసగా చిన్న గుంతలు తీసి, వాటిలో ఇనుప చీలలు దించి, సమ్మెటతో ఒక్కొక్కదానినే మెల్లగా కొట్టుకుంటూ పోయేవాడు. చప్పుడు మారుతూ మారుతూ, ఉన్నట్టుండి బండ గీత గీసినట్లు విడిపోయేది. ఒకనాడు నేను, "తాతా! ఇంత పెద్ద రాయి పగిలిందే!" అన్నాను. అతడు నవ్వి, "ఇప్పటిదాక అది రాయి గాదు బిడ్డా, బండ. గుట్టను అంటుకొని ఉన్నన్నాళ్ళు బండే. ఇప్పుడు విడిచింది గద, ఇక రాయి. మళ్ళ దాన్ని బండ జేసుడు దేవుని తరం గూడ గాదు" అన్నాడు. అక్షరం రాని ఆ వృద్ధుడు చెప్పిన మాట నాకు తరువాతి కాలంలో రాక్, స్టోన్ అనే మాటలను విప్పి చూపింది. బండ రాయి కాగలదు. రాయి బండ కాలేదు. అర్థభేదమంతా ఆ తిరిగిరాని తోవలోనే ఉన్నది.

తాత పోయాడు. అతని తరువాత యంత్రాలు వచ్చాయి. అతడు ఏడాదికి పది రోళ్ళు తీసిన చోట పదేళ్ళలో గుట్టంతా కంకరగా మారింది. దొన ఎండలేదు, ఉండే చోటే లేకుండా పోయింది. ఏనుగు గుండు ఏ రహదారి కింద ఉన్నదో ఎవరూ చెప్పలేరు. ఇందుకు ఎవరినో ఒకరిని తప్పుపట్టి చేతులు దులుపుకోవడం సులభం. కాని నేను ఉండే ఇంటి పునాదిలో రాయి ఉన్నది. కళాశాలకు నేను నడిచే దారి కంకర దారే. రాయి లేకుండా మనిషికి గడవదు. నన్ను బాధించేది వేరొకటి. ఇప్పుడు మా ఊరి పిల్లలకు జారుడుబండ అంటే ఉద్యానవనంలో సిమెంటుతో కట్టినది. దొన అనే మాట వారికి తెలియదు. వస్తువు పోయింది, దాని వెనకే మాటా పోయింది.

దక్కను పీఠభూమిలోని ఈ బండలు, గుండ్లు సామాన్యమైనవి కావు. హైదరాబాదు పరిసరాల్లోని గ్రానైటు శిలల వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. భూగర్భంలో గడ్డకట్టిన ఆ శిలలో పగుళ్ళు ఏర్పడ్డాయి. పగుళ్ళలోకి నీరు దిగి అంచులను కొరికింది. మూలలు కరిగి గుండ్రబడ్డాయి. మెత్తబడిన మట్టి వానలకు కొట్టుకుపోగా, గట్టి గుండ్లు ఒకదానిపై ఒకటి మిగిలాయి. ఎవరో పేర్చినట్లు కనిపించే ఆ దొంతరలను ఎవరూ పేర్చలేదు. హైదరాబాదు విశ్వవిద్యాలయ ఆవరణలో పుట్టగొడుగు ఆకారంలో ఉన్న శిల అటువంటిదే. నగరం పెరుగుతున్నకొద్దీ ఇవి మాయమవుతుంటే, 'సొసైటీ టు సేవ్ రాక్స్' అనే సంస్థ 1996లో ఏర్పడింది. అటువంటివారి కృషి వల్ల కొన్ని శిలాసముదాయాలు వారసత్వ జాబితాకు ఎక్కాయి.

ఒకసారి తరగతిలో ఆ సంస్థ పేరును తెలుగు చేయమన్నాను. ఒక విద్యార్థి లేచి, "రాళ్ళను రక్షించే సంఘం" అన్నాడు. తరగతి అంతా గొల్లున నవ్వింది. "రాళ్ళను ఎవరి నుంచి రక్షించాలి సార్?" అని వెనక బల్ల నుండి ఒకడు అడిగాడు. ఆ నవ్వును నేను తప్పుపట్టను. 'రాయి' అనగానే మనకు కాలికి తగిలేది, చేత విసిరేది, ఇంటికి పనికివచ్చేది గుర్తుకు వస్తుంది. దానిని రక్షించడమంటే నవ్వు రాక మానదు. "మరి గుట్టలను, బండలను కాపాడే సంఘం అంటే?" అని అడిగాను. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఒక అమ్మాయి మెల్లగా, "మా ఊళ్ళో కూడా ఒక గుట్ట ఉండేది సార్" అన్నది. ఒక మాట నవ్వించింది. దాని చోట మరొక మాట పెడితే ఆలోచింపజేసింది. రెండింటికీ నిఘంటువు ఇచ్చే అర్థం మాత్రం దాదాపు ఒక్కటే.

పళ్ళు రాలగొట్టుకోవడానికి ఏ రాయి అయితేనేమని మనకొక సామెత ఉన్నది. పళ్ళ సంగతి ఎట్లా ఉన్నా, మాటల విషయంలో ఆ సామెత చెల్లదు. భూమి మీద నిలిచి ఉన్నదానిని మనం ముందుగా ఏ పేరుతో పిలుస్తామో, తరువాత దానిపట్ల అట్లాగే ప్రవర్తిస్తాం. గుట్టను 'ఇన్ని టన్నుల రాయి' అని పిలిచిననాడే అది సగం పగిలినట్లు. పరభాషలోని రెండు మాటల తేడా తెలుసుకోవడం పరీక్షలో మార్కులకు ఉపకరిస్తుంది, అది మంచిదే. దానితోపాటు మీ ఊరి గుట్టకు, దానిమీది బండలకు పెద్దలు ఏ పేర్లు పెట్టారో అడిగి రాసుకోండి. అడగడానికి పెద్దలు, చూపడానికి గుట్ట ఇంకా ఉన్నప్పుడే ఆ పని చేయాలి.